ముందు చిట్టా, ఆ పిమ్మట ఖాతా

వ్రాత సగంలో ఉండగా విద్యుత్తు పోతే పాత వ్రాత మిగలాలా, కొత్త వ్రాత మిగలాలా, రెండింటికీ చెందని సంకరరూపమేదో మిగిలితే దానికి ఉత్తరవాది ఎవరు అన్న విచారమే ఈ గ్రంథానికి విషయం. సాంకేతికులు రైట్-అహెడ్ లాగింగ్ అని వ్యవహరించే ఈ పద్ధతికి గ్రంథకర్త పూర్వలేఖనమని పేరు పెట్టుకొన్నాడు. దానికి ఉత్తరార్ధమైన చెక్‌పాయింట్‌ను మాత్రం ఆ పేరుతోనే ఉంచినాడు. పెద్ద సర్వర్లలో కొలువుదీరే మహావ్యవస్థల సందర్భంలో గాక, ఒక చిన్న ప్రోగ్రాము కడుపులో ఇమిడి పనిచేసే ఎస్‌క్యూలైట్ వంటి డేటాబేసు సందర్భంలో ఈ రెండింటినీ ఆద్యంతం తెలుగులో ప్రతిపాదించిన గ్రంథం నా దృష్టికి వచ్చినంతలో ఇదే మొదటిది. ఇటువంటి గ్రంథానికి ముందుగా నాలుగు మాటలు చెప్పే అధికారం నాకు వయస్సు వల్ల సంక్రమించిందే తప్ప వేరొక విధంగా రాలేదని ఎరిగినవాడినే అయినా, లిఖితప్రతిని సాంతం చదివిన తరువాత మౌనం వహించడం ఉచితమని తోచలేదు.

గ్రంథకర్త నివాసం ఉన్. సూరత్ నగరానికి దక్షిణంగా, ఉధ్నా, భేస్తాన్ దాటి సచిన్ మీదుగా నవసారికి పోయే బాటలో ఉన్న ఈ ఊరి పేరు తెలుగు పాఠకులలో ఎక్కువమంది విని ఉండరు. కాని ఆ చుట్టుపట్ల విస్తరించిన పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడల పేర్లు నేతపనివారి ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం పరిచితాలు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు తరలిపోయిన చరిత్ర ఒక తరంతో ముగిసేది కాదు. చేతిమగ్గం మూలబడిన చోటు నుండి మరమగ్గం మ్రోగే చోటికి నడిచిపోయిన ఆ జనం, విడిచివచ్చిన సిరిసిల్లలోనూ చేరుకొన్న సూరత్‌లోనూ ఆ యంత్రాన్ని సాంచా అనే పిలుచుకొన్నారు. అటువంటి సాంచాల షెడ్డులో పనిచేసిన తండ్రికి పుట్టి, సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో నడుపుతున్న ప్రాథమిక పాఠశాలలలో ఒకదానిలో అక్షరాలు దిద్ది, ఆ పైచదువంతా పరభాషలలోనే సాగించవలసివచ్చినా, శాస్త్రం చెప్పవలసిన వేళ తిరిగి మాతృభాషనే ఆశ్రయించిన ఇతని నిష్ఠను ప్రత్యేకంగా కొనియాడితే ఇతడే ఇబ్బంది పడతాడు. కనుక దానిని ప్రస్తావించి ఊరుకొంటాను.

పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన నాటి నుండి శాస్త్రాన్ని దేశభాషలో చెప్పుకొనే సాహసం మనకు ఉన్నది. 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలను కూడా తెలుగు గృహస్థుల చేతుల్లో పెట్టినారు. అమెరికాలో ఆచార్యత్వం నెరపుతూనే వేమూరి వేంకటేశ్వరరావు కంప్యూటర్లను గూర్చి తెలుగులో వ్రాసి, ఆ యంత్రం మన భాషకు లొంగదన్న అపోహను తొలగించినారు. ఇంతటి పరంపర ఉన్నా, ఈ ఇటీవలి దశాబ్దాలలో కంప్యూటర్ల మీద మన భాషలో వచ్చిన పుస్తకాలలో హెచ్చుభాగం ఏ మీట నొక్కితే ఏమి జరుగుతుందో చెప్పి తృప్తిపడినవే. మీట నొక్కిన తరువాత లోపల జరుగవలసినది జరుగకపోతే ఏమి గతి అన్న ప్రశ్నను భుజాన వేసుకొన్నవి చాలా అరుదు. ప్రస్తుత గ్రంథం ఆ అరుదైన కోవకు చెందినది.

ఇతని జీవిక సాంచాల షెడ్లకు లెక్కల ప్రోగ్రాములు వ్రాసి ఇవ్వడం. ఏ కార్మికుడు ఎన్ని మీటర్లు నేసినాడు, ఏ సాంచా మీద నుండి ఎన్ని తాకాలు, అంటే గుడ్డ తానులు, దిగినవి, ముందుగా పుచ్చుకొన్న బాకీ పోగా పగారు కింద చేతికి ఎంత రావాలి అన్నవే ఆ లెక్కలు. చూడబోతే ఇది సామాన్యమైన పద్దుల పని. కాని ఒక తాకా దిగినప్పుడు రెండుచోట్ల వ్రాత మారాలి: కార్మికుని లెక్కలో మీటర్లు కలవాలి, గోదాము లెక్కలో గుడ్డ పెరగాలి. మొదటిది వ్రాసి రెండవది వ్రాయబోయే లోపల కరెంటు పోతే యజమానికి నష్టం. వరుస తారుమారైతే కార్మికునికి నష్టం. ఈ రెండు వ్రాతలూ కలిసి నిలవాలి, లేదా కలిసి లేకుండా పోవాలి. యంత్రానికి ఈ ధర్మం తనంతట తెలియదు. డిస్కు ఎరిగినదల్లా ఒక పేజీ తరువాత మరొక పేజీ వ్రాయడం. అందులోనూ ఒక పేజీ సగం కొత్తగా, సగం పాతగా మిగిలిపోయే ప్రమాదం ఉండనే ఉన్నది.

దీనికి వర్తకలోకం ఏనాడో కనుగొన్న ఉపాయాన్నే గ్రంథకర్త మొదటి అధ్యాయంలో దృష్టాంతంగా గ్రహించినాడు. గుజరాతు దుకాణాలలో జరిగిన ప్రతి లావాదేవీ ముందు రోజ్‌మేళ్‌లో, జరిగిన వరుసలోనే, పడుతుంది. తీరిక చిక్కినప్పుడు దానిని ఖాతావహిలో ఎవరి పేరిట వారికి ఎక్కిస్తారు. మన కరణాలు, కోమట్లు చిట్టా వ్రాసి ఆవర్జాకు ఎక్కించినదీ ఇదే క్రమం. ఖాతావహి అందంగా, వెదకడానికి అనువుగా ఉంటుంది. కాని తగవు వచ్చిననాడు పెద్దలు తెరిపించేది రోజ్‌మేళ్‌నే. పూర్వలేఖనంలో లాగ్ అన్నది ఆ రోజ్‌మేళ్. డేటాబేసు ఫైలు ఖాతావహి. ఒకదాని నుండి రెండవదానికి ఎక్కించే పని చెక్‌పాయింట్. ఈ ఒక్క ఉపమానాన్ని పట్టుకొని గ్రంథమంతా నడపగలిగినా, అది ఎంతవరకు పొసగునో అంతవరకే నడిపి, పొసగనిచోట వదలిపెట్టిన వివేకం ఇతనిది. ఖాతావహిని ఎవరో చదువుతూ కూర్చున్నంత మాత్రాన గుమాస్తా ఎక్కించడం మానుకోడు. డేటాబేసులో మాత్రం మానుకోవలసివస్తుంది. అక్కడి నుండే ఈ శాస్త్రంలోని అసలు క్లిష్టత మొదలవుతుంది.

వంశక్రమం చెప్పకుండా విద్యను చెప్పరాదన్నది పూర్వుల మర్యాద. గ్రంథకర్త దానిని సంక్షేపంగా ముగించినాడు గనుక, ఆ లోటును నేను కొంత పూరిస్తాను. 1970ల దశకంలో కాలిఫోర్నియాలోని ఐబీఎం పరిశోధనాలయంలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేసును నిర్మించినవారిలో జిమ్ గ్రే ప్రముఖుడు. మార్పు చెందిన పేజీని పాత స్థానంలో వ్రాయక, వేరొక స్థానంలో నీడవలె ఉంచి, అంతా సిద్ధమైన పిమ్మట చిరునామా మార్చే పద్ధతిని సిస్టమ్ ఆర్ లాగ్‌తో పాటు అవలంబించినది. పెద్ద డేటాబేసులకు ఆ నీడల పద్ధతి తగదని, లాగ్ ఒక్కటే శరణ్యమని నిర్మాతలే 1981లో తమ వ్యాసంలో నిష్కపటంగా వ్రాసుకొన్నారు. దానికి పూర్వమే, 1978లో, గ్రే తన సుదీర్ఘమైన నోట్సులో పూర్వలేఖన నియమాన్ని స్పష్టంగా సూత్రీకరించినాడు: మార్పును గూర్చిన లాగ్ వ్రాత స్థిరమైన నిల్వకు చేరేవరకు ఆ మార్పు డేటాబేసును తాకరాదు. 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న ఆ మహనీయుడు 2007 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి పడవలో ఒంటరిగా సముద్రం మీదికి పోయి తిరిగిరాలేదు.

అటుపిమ్మట ఈ విద్యకు పాణినీయం వంటి నిర్మాణాన్ని చేకూర్చినది ఏరీస్ అనే పద్ధతి. 1992 మార్చిలో వెలువడిన ఆ వ్యాసానికి ప్రథమకర్త సి. మోహన్, మదరాసు ఐఐటీలో రసాయన ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనాలయంలో కుదురుకొన్న మనవాడు. హేడర్లే, లిండ్సే, పిరహేష్, శ్వార్జ్ ఆయన సహకర్తలు. పతనానంతరం లాగ్‌ను మూడు పర్యాయాలు పారాయణ చేయాలని వారు విధించినారు: ఎక్కడివరకు వచ్చామో పరిశీలించడానికి ఒకసారి, జరిగినదంతా తిరిగి జరిపించడానికి ఒకసారి, పూర్తికాని లావాదేవీలను వెనక్కు తీయడానికి ఒకసారి. ప్రతి లాగ్ వ్రాతకు ఒక వరుససంఖ్య, ప్రతి పేజీ నుదుట తనను చివరగా మార్చిన వ్రాత సంఖ్య. ఈ రెండింటిని పోల్చి చూస్తే ఏది తిరిగి చేయాలో, ఏది అక్కరలేదో తేలిపోతుంది. నేటి పెద్ద డేటాబేసులలో దీని ప్రభావం సోకనివి తక్కువ.

ఇంతటి సంపన్నమైన వంశంలో ఎస్‌క్యూలైట్ మాత్రం పేదింటి బిడ్డవలె, వేరొక అవసరంలో పుట్టినది. డి. రిచర్డ్ హిప్ 2000 సంవత్సరంలో అమెరికా నౌకాదళానికి చెందిన ఒక విధ్వంసకనౌక కోసం సాఫ్ట్‌వేరు వ్రాస్తున్నప్పుడు, తన ప్రోగ్రాము ఆశ్రయించిన డేటాబేసు సర్వరు పనిచేయకపోతే ప్రోగ్రాము కూడా నిస్సహాయంగా నిలిచిపోవడం ఆయనను కలచివేసినది. సర్వరే లేని డేటాబేసు ఎందుకు ఉండరాదన్న ఆలోచన నుండి అదే సంవత్సరం ఆగస్టులో తొలి ప్రతి వెలువడినది. కర్త దానిపై హక్కులన్నీ వదులుకొని లోకానికి ధారపోసినాడు. నేడు మీ చేతిలోని ఫోనులో, ఆ ఫోనులోని బ్రౌజరులో, సందేశాల పెట్టెలో దాగి ఉన్నది అదే. 2050 వరకు దీనిని పోషిస్తామని నిర్మాతలు మాట ఇచ్చినారు. ప్రోగ్రాములోని ప్రతి నిర్ణయశాఖనూ పరీక్షకు గురిచేసి, విద్యుత్తు హఠాత్తుగా పోయినట్టు కృత్రిమంగా కల్పించి మరీ పరిశీలిస్తారు. పరీక్షల కోసం వ్రాసిన ప్రోగ్రాము అసలు ప్రోగ్రాముకు కొన్ని వందల రెట్లు ఉంటుందంటే, ఈ విద్యలో శ్రమ ఎక్కడ వ్యయమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

మొదటి దశాబ్దం ఎస్‌క్యూలైట్ పూర్వలేఖనాన్ని అనుసరించలేదు. మార్చబోయే పేజీ పాత రూపాన్ని జర్నల్ అనే ఫైలులో భద్రపరచి, డేటాబేసును నేరుగా మార్చి, అంతా ముగిసిన తరువాత జర్నల్‌ను తొలగించేది. మధ్యలో విఘ్నం కలిగితే, మిగిలిన జర్నల్ నుండి పాత పేజీలను తిరిగి నింపేది. పద్ధతి నిర్దుష్టమే. కాని వ్రాసేవాడు డేటాబేసును మార్చే వేళ చదివేవారందరూ వెలుపల నిలబడాలి. పైగా ప్రతి లావాదేవీకి డిస్కును పలుమార్లు నిర్బంధించి, వ్రాత నిజంగా చేరినదని రూఢి చేసుకోవాలి. 2010 జూలైలో వెలువడిన 3.7.0 ప్రతి, కోరుకొన్నవారికి, ఈ క్రమాన్ని తలక్రిందులు చేసినది. పాతది డేటాబేసులోనే పదిలంగా ఉంటుంది. కొత్తది వాల్ అనే వేరొక ఫైలు చివర చేరుతూ పోతుంది.

ఆ ఫైలు రచనను వర్ణించిన అధ్యాయం ఈ గ్రంథానికి అలంకారం. మొదట 32 బైట్ల శీర్షిక. అటుపిమ్మట ఒక్కొక్క పేజీకి 24 బైట్ల చిన్న శీర్షికతో కూడిన చట్రం. లావాదేవీ ముగిసినదని చెప్పే కమిట్‌కు వేరుగా ముద్ర ఏదీ లేదు. లావాదేవీలోని చివరి చట్రపు శీర్షికలో డేటాబేసు మొత్తం పేజీల సంఖ్యను వ్రాస్తారు. తక్కిన చట్రాలలో ఆ స్థానంలో సున్న ఉంటుంది. అంతే భేదం. ప్రతి చట్రంలోను చెక్‌సమ్ అనే సరిచూపు సంఖ్య, అదీ మొదటి నుండి అంతవరకు వచ్చిన చట్రాలన్నింటినీ కలుపుకొంటూ వచ్చేది, ఉంటుంది గనుక నడుమ ఒక్క బైటు చెడినా అక్కడి నుండి పైదంతా చెల్లదు. విద్యుత్తు తిరిగివచ్చిన పిమ్మట వాల్‌ను మొదటి నుండి చదువుతూ, చెల్లుబాటయ్యే చివరి కమిట్ వరకు స్వీకరించి, తరువాతి దానిని లేనట్టే భావిస్తారు. ఏరీస్ మూడవ పర్యాయంలో ఎంతో ప్రయాసతో వెనక్కు తీసే అసంపూర్ణ వ్యవహారాన్ని ఇక్కడ విస్మరించడమే చాలు. కమిట్ కానిది డేటాబేసులోకి ఎన్నడూ పోలేదు గనుక తీయవలసినదేమీ లేదు. ఈ తారతమ్యాన్ని గ్రంథకర్త రెండు పుటలలో తేల్చిన తీరు చూసి, ఏళ్ల తరబడి ఈ విషయం బోధించిన నేను నా పాత నోట్సును మడిచి లోపల పెట్టుకొన్నాను.

చదివేవారి స్థితి మరింత రమణీయం. చదవడం ఆరంభించిన క్షణంలో వాల్‌లో చివరి కమిట్ ఎక్కడ ఉన్నదో గుర్తించుకొని, ఆ గీత దాటి తరువాత వచ్చినది చూడకుండా, తమ లోకంలో తాముంటారు. ఆ గీతకు లోపల పేజీ ఉంటే వాల్ నుండి, లేకపోతే డేటాబేసు నుండి గ్రహిస్తారు. అదే సమయంలో వ్రాసేవాడు నిశ్చింతగా చివర చేరుస్తూ పోతాడు. ఏ పేజీ వాల్‌లో ఎక్కడ ఉన్నదో వెదకడానికి ఒక సూచిక ఉమ్మడి స్మృతిలో ఉంటుంది; పతనంలో అది చెదరిపోయినా నష్టం లేదు, వాల్‌ను చదివి మళ్లీ కట్టుకోవచ్చు. అయితే ఆ స్మృతిని పంచుకోవాలంటే అందరూ ఒకే యంత్రంలో ఉండాలి. ఆఫీసులో రెండు కంప్యూటర్లు పెట్టుకొని నెట్‌వర్కు ఫోల్డరులోని ఒకే ఫైలును రెండింటి నుండి తెరవాలనుకొనే షెడ్డు యజమానులకు ఇది పనికిరాదని గ్రంథకర్త నిర్మొహమాటంగా చెప్పినాడు. వ్రాసేవాడు ఎప్పటికీ ఒక్కడే ఉండాలన్న పరిమితి కూడా పాత పద్ధతిలో వలెనే మిగిలి ఉన్నది.

గ్రంథంలో దాదాపు సగం చెక్‌పాయింట్‌కే కేటాయించినందుకు కొందరు పండితులు ఆక్షేపించవచ్చు. నా అభిప్రాయం అందుకు విరుద్ధం. లావాదేవీని నమోదు చేయడం ఘనకార్యంగా అందరికీ కనబడుతుంది. నమోదైన దానిని యథాస్థానంలో కుదురుపరచే పనిని ఎవరూ తలవరు, అది నిలిచిపోయిననాడు తప్ప. చివర చేర్చుకొంటూ పోయే పని ఒక్కటే అయితే ఈ విద్య నేర్వడానికి ఒక మధ్యాహ్నం చాలును. చెక్‌పాయింట్ నేర్వడానికి మాత్రం అనుభవం కావాలి, ఆ అనుభవమే ఇతడు ఇక్కడ పంచినాడు.

క్రమం ఇది. ముందు వాల్‌లో ఉన్నదంతా డిస్కుకు చేరినదని రూఢి చేసుకోవాలి. అటుపై పేజీలను డేటాబేసులోకి ఎక్కించాలి. ఒకే పేజీ వాల్‌లో ఎన్నిమార్లు మారినా, ఎక్కేది చివరి రూపమొక్కటే, అందువల్ల పలుమార్ల శ్రమ ఒక్క శ్రమగా కుదించుకుపోతుంది. ఎక్కించిన డేటాబేసు కూడా డిస్కుకు చేరినదని రూఢి చేసుకోవాలి. ఆ తరువాతనే వాల్‌ను మొదటి నుండి తిరిగి వ్రాయడానికి అనుమతి. ఈ నాలుగింటిలో ఏ రెండు తారుమారైనా సర్వనాశనం. ఎక్కిస్తున్న నడుమ విద్యుత్తు పోతే ఏమని పాఠకులు అడగవచ్చు: ఏమీ కాదు. వాల్ ఇంకా చెక్కుచెదరక ఉన్నది గనుక మళ్లీ ఎక్కిస్తారు; ఎక్కిన పేజీ మీదనే అదే పేజీ మరలా పడుతుంది. ఇక వాల్‌ను తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత చట్రాలు వెంటనే చెరిగిపోవు, వాటి మీద కొత్తవి పడుతూ వస్తాయి. పాతవాటిని కొత్తవని భ్రమించకుండా ఉండడానికి శీర్షికలో సాల్ట్ అనే రెండు సంఖ్యలు మారుతాయి; వాటితో సరిపోని చట్రం గతజన్మకు చెందినదని తెలిసిపోతుంది. ఫైలు పరిమాణం తగ్గలేదేమని భయపడి వాల్‌ను చేతితో తుడిచివేసే అజ్ఞానులను ఇతడు చాలామందిని చూసినట్టున్నాడు; ఆ ఘట్టంలో భాష కొంత ఘాటెక్కినది.

సామాన్యంగా వాల్ 1000 పేజీలకు చేరినప్పుడు, అంటే పేజీ 4096 బైట్లయితే సుమారు 4 మెగాబైట్ల వద్ద, చెక్‌పాయింట్ తనంతట జరుగుతుంది. ఎవరినీ నిలపకుండా వీలైనంత మాత్రమే ఎక్కించే పాసివ్ పద్ధతి అది. చదివేవారెవరైనా పాత గీత వద్ద నిలిచి ఉంటే, ఆ గీత దాటి ఎక్కించడానికి వీలులేదు. ఎక్కిస్తే వారు ఆధారపడిన పాత పేజీ వారి కాళ్ల కింద నుండి జారిపోతుంది. వ్రాసేవారిని నిలిపి, చదివేవారు తాజా స్థితికి వచ్చేవరకు వేచి, మొత్తం ఎక్కించేది ఫుల్. తదుపరి వ్రాత వాల్ మొదటి నుండే సాగేలా చదివేవారందరూ వాల్‌ను విడిచేవరకు వేచేది రీస్టార్ట్. అదంతా చేసి ఫైలును సున్నకు కుదించేది ట్రంకేట్.

ఇక్కడ గ్రంథకర్త ఒక అనుభవాన్ని ఉదాహరించినాడు. ఒక షెడ్డులో, నేసిన మీటర్లను ఎప్పటికప్పుడు గోడ మీద చూపే తెర ఒకటి పెట్టించుకొన్నారు. ఆ తెరను నడిపే ప్రోగ్రాము ఉదయం చదవడం ఆరంభించి, ఆ చదువును ముగించకుండా, రెండు షిఫ్టులూ అదే గీత వద్ద నిలిచి ఉండేది. గీత దాటలేక చెక్‌పాయింట్ ప్రతిసారీ వెనుదిరిగేది. వాల్ పెరిగి పెరిగి, వెదుకులాట మందగించి, సాయంత్రానికి లెక్కల యంత్రం నత్తనడక నడిచేది. కారణం తెలియని యజమాని కొత్త కంప్యూటరు కొనబోయినాడట. ఒక్కొక్కసారి చదివిన వెంటనే ముగించి, మళ్లీ కొత్తగా ఆరంభించేలా తెర ప్రోగ్రామును మార్చితే సరిపోయినది. చెక్‌పాయింట్ క్షుద్బాధ అని ఇతడు పేరుపెట్టిన ఈ వ్యాధికి కారణం ఎప్పుడూ వ్రాసేవాడు కాడు, లేవకుండా కూర్చున్న చదువరి అన్న నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

డిస్కుకు చేరినదని రూఢి చేసుకోవడం ఎంత తరచుగా అన్న విషయంలో ఇతని నిర్ణయం కొంత కఠినం. సింక్రోనస్ అనే అమరికను నార్మల్‌లో ఉంచితే, చెక్‌పాయింట్ వేళ మాత్రమే డిస్కును నిర్బంధిస్తారు; విద్యుత్తు పోతే డేటాబేసు చెడదు గాని, చివరి కొన్ని లావాదేవీలు జరగనట్టే అయిపోవచ్చు. ఫుల్‌లో ఉంచితే ప్రతి కమిట్‌కు నిర్బంధం. వేగం తగ్గుతుంది, నమోదైనది పోదు. లోకంలో చాలామంది నార్మల్ చాలునంటారు. ఫోనులోని ఆటల స్కోరుకైతే అది చాలును. ఒకడు నిలబడి నేసిన మీటర్ల లెక్కకు చాలదని ఇతడంటాడు. సాంచాల మధ్య పెరిగినవాడు తప్ప ఇతరులు ఈ వాక్యం వ్రాయలేరు. కొన్ని డిస్కులు వ్రాత చేరకముందే చేరినదని అబద్ధమాడతాయన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చివేయడం నాకు రుచించలేదు. అబద్ధమాడే డిస్కు ముందు పూర్వలేఖనం కూడా నిస్సహాయమే గనుక, దానికొక అధ్యాయం అవసరం ఉండెను.

నకళ్లను గూర్చిన అధ్యాయం చిన్నదైనా, వృత్తిలో ఉన్నవారు మొదట చదవదగినది. ప్రోగ్రాము నడుస్తుండగా డేటాబేసు ఫైలును ఒక్కదాన్నే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొని నిశ్చింతగా ఇంటికి పోయే యజమానులు కోకొల్లలు. ఇంకా ఖాతాకు ఎక్కని వ్యవహారమంతా పక్కనున్న వాల్‌లో ఉండిపోయినదని వారికి తెలియదు. ఎస్‌క్యూలైట్ ఇచ్చే బ్యాకప్ సౌకర్యాన్ని వాడాలి, లేదా ప్రోగ్రామును సక్రమంగా మూయాలి. ఆఖరి అనుసంధానం మూతపడినప్పుడు చెక్‌పాయింట్ పూర్తయి, వాల్ తొలగిపోతుంది. అక్కడే 2006 ఆగస్టు వరదల ప్రస్తావన ఉన్నది. ఉకాయి జలాశయం నుండి వదిలిన నీటికి తాపీనది పొంగి సూరత్‌లో అత్యధికభాగం మునిగిన ఆ రోజులలో దుకాణాల వహీలు, కంప్యూటర్లు ఏకంగా నీటిపాలైనవి. పూర్వలేఖనం కరెంటు పోతే కాపాడుతుంది, తాపీ పొంగితే కాపాడదు, నకలు వేరొక ఊరిలో ఉండాలి అని గ్రంథకర్త హెచ్చరిక. శాస్త్రగ్రంథంలో తన శాస్త్రం ఎక్కడ పనికిరాదో ఇంత సూటిగా చెప్పే రచయితలు మనకు ఎక్కువమంది కావాలి.

భాష విషయంలో ఒకటి రెండు మాటలు. కొన్నిచోట్ల వాక్యం గుజరాతీ పోకడ పోయినది. సూరత్ తెలుగువారి పలుకుబడి అదే గనుక సవరించవద్దని నేనే చెప్పినాను. అక్కరకు మించిన బొమ్మలు సూచికను వర్ణించే ఆరవ అధ్యాయంలో ఉన్నవి. కొత్తవారు దానిని మొదటి పఠనంలో దాటిపోయినా నష్టం లేదు. నాలుగవ అధ్యాయాన్ని మాత్రం పుస్తకం చేతబట్టి చదివితే చాలదు. ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుండి, వాల్ ఫైలును బైటు బైటుగా తెరచి చూస్తూ, లావాదేవీ నడుమ ప్లగ్గు పీకి, మళ్లీ తెరచి, ఏమి మిగిలినదో ఎంచుకోవాలి. ఇతడు ఆ విధంగానే నేర్చినాడు. ఉన్‌లోని ఇంట్లో అందుకోసం ఒక పాత యంత్రాన్ని వేరుగా ఉంచుకొన్నాడని విన్నాను.

ఏరీస్‌ను, పోస్ట్‌గ్రెస్ వంటి పెద్ద డేటాబేసులలో చెక్‌పాయింట్ తీరును వివరించే రెండవ సంపుటం సిద్ధమవుతున్నది. అందులో అబద్ధమాడే డిస్కుల అధ్యాయం చేర్చడానికి గ్రంథకర్త సమ్మతించినాడు; లాగ్ వరుససంఖ్యల ప్రకరణం ముసాయిదా నాకు పంపినాడు గాని, దానిలో రెండవ పారాయణానికి ఇచ్చిన ఉదాహరణ తప్పుదారి పట్టించేలా ఉన్నదని తిప్పి పంపినాను.